మాస్టారి జడ

పన్నెండో రోజుకి హాల్లో ఏ ఫోటో పెట్టాలన్న దగ్గర మాస్టారింట్లో చిన్న గొడవయింది.

వాళ్ళబ్బాయి ఫోన్‌లోంచి ఒక ఫోటో తీసి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఏదో సన్మానంలో తీసింది. పట్టుపంచె, భుజాల మీద శాలువా, మెడలో దండ, చేతిలో మెమెంటో, ముఖంలో ఎప్పుడు వదిలిపెడతార్రా బాబూ అన్న చూపు. పిన్నిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది కాదు" అన్నారు. లోపలికి వెళ్ళి గోడ మీది ఇంకో ఫోటో దించి, కొంగుతో తుడుచుకుంటూ తెచ్చారు. నలుపు తెలుపు స్టూడియో ఫోటో. వెనక పరదా మీద స్తంభాలు, మెట్లు, ఒక నెమలి. ముందు సత్యభామ నిలబడి ఉంది. ఎడమచేత్తో జడ ముందుకు వేసుకుని, కుడిచేతి చూపుడువేలు గడ్డం కింద ఆనించి, మీరు పొగడాల్సింది ఇంకా కొంచెం మిగిలిపోయింది అన్నట్టు ఓరగా చూస్తోంది.

"అమ్మా, వచ్చినవాళ్ళు పోయింది నువ్వనుకుంటారు" అన్నాడు వాళ్ళబ్బాయి.

మాస్టారు పోయాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారట. నవ్వింది కూడా పిన్నిగారే. "అనుకోనీరా" అన్నారు.

ఆ సత్యభామే మా మాస్టారు.

నేను ఆయన దగ్గర చేరేనాటికి, అంటే 1993లో, ఆ ఫోటోలో మనిషి ఆనవాళ్ళు ఆయనలో ఒక్కటీ లేవు. బొజ్జ, బట్టతల, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, భుజాన తుండు. ముక్కుపొడుం అలవాటు. జతి చెబుతూ చెబుతూ తుమ్మేవారు. ఆ తుమ్ము కూడా తాళం తప్పేది కాదు. మా అమ్మ నన్ను చేర్పించడానికి తీసుకెళ్ళిన రోజు, వాకిట్లో వాలుకుర్చీలో పడుకున్న ఈయన్ని చూసి డాన్సు టీచరుగారి తండ్రి అనుకుంది. "డాన్సు టీచరుగారు ఉన్నారాండీ?" అని అడిగింది. "ఉన్నారు, కూర్చోండి" అని ఆయన లేచి లోపలికి వెళ్ళి, చొక్కా తొడుక్కుని బయటికొచ్చి, "చెప్పండమ్మా" అన్నారు. మా అమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని సిగ్గుపడుతుంది.

మాస్టారు పుట్టింది కూచిపూడిలో. "ఊరి పేరు డాన్సుకొచ్చింది, డాన్సు పేరు ఊరికి కాదు" అని కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేవారు. కృష్ణా జిల్లా మొవ్వ మండలం. పక్కనే ఉన్న మొవ్వ, పదాలు రాసిన క్షేత్రయ్యగారి ఊరు. అంత చిన్న చోటే అటు పదాలూ ఇటు కలాపాలూ ఎలా పుట్టాయి మాస్టారూ అని అడిగితే, "వేరే పనేముందే అప్పుడు, టీవీలా సినిమాలా" అనేవారు. పెద్ద ప్రశ్నలకి ఆయన జవాబులన్నీ ఇలాగే ఉండేవి.

ఆ ఊళ్ళో భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సత్యభామ కథని భామాకలాపం అనే నృత్యనాటకంగా రాసిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెబుతారు. అందుకే ఆ ఇళ్ళల్లో మగపిల్లలకి చిన్నప్పుడే కాళ్ళకి గజ్జెలు పడేవి. ఆడపిల్లలకి మాత్రం లేదు. అందరూ మొక్కు తీర్చుకోవడానికి ఒక్కసారి కడితే, మాస్టారు పదిహేనేళ్ళు కట్టారు. మేళంతో పాటు ఊళ్ళు తిరిగేవారు. గుడి ముందో, చావడి దగ్గరో పందిరి. ఇద్దరు మనుషులు చెరో వైపు తెర పట్టుకుంటే వెనక పాత్ర నిలబడేది. వాళ్ళ తాతల కాలంలో దివిటీలట. పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లేవారట, మంట ఒక్కసారి భగ్గున లేచి ముఖం మీద వెలుగు పడేదట. మాస్టారి హయాం వచ్చేసరికి పెట్రోమాక్స్ లైట్లు. "గుగ్గిలం వాసన లేకపోతే దేవుడు రాడని మా తాత అనేవాడు. పెట్రోమాక్స్ పురుగులకి కూడా వచ్చాడులే" అని నవ్వేవారు.

ఇక ఆ జడ సంగతి. సత్యభామ రంగం మీదికి నేరుగా రాదు. తెర వెనక, ప్రేక్షకుల వైపు వీపు పెట్టి నిలబడి, ముందు జడ ఒక్కటి తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను మించినవాళ్ళు ఎవరైనా ఉంటే రండి అని సవాలన్నమాట. మనిషి కనపడదు, ముఖం కనపడదు, జడ ఒక్కటే. తలమీద రాగిడి, దాని కింద సూర్యుడు, చంద్రుడు, నాగుపడగ, ఆ కింద వరసగా బిళ్ళలు, చివర కుప్పెలు. బిళ్ళలు ఇరవై ఏడు నక్షత్రాలకి గుర్తు అనేవారు మాస్టారు. "ఆకాశం అంతా వీపున మోసుకొచ్చి, చూశారా అంటుందే ఆవిడ. గర్వం అంటే అదీ. మీకు రెండు రిబ్బన్లు కడితే వంకర నడక వస్తుంది."

క్లాసు వాళ్ళింటి వసారాలో. ఎర్ర గచ్చు నేల. సాయంత్రం ఐదున్నరకి మొదలు. పద్నాలుగు మంది ఆడపిల్లలం, చున్నీలు నడుముకి బిగించుకుని మూడు వరసల్లో. ఆయన ముందు చెక్కపలక, చేతిలో చిన్న కర్ర. ఏళ్ళ తరబడి దెబ్బలు పడీపడీ పలక మధ్యలో గుంట పడింది. వానాకాలంలో ఒకసారి ఆ గుంటలో చూరునీళ్ళు నిలిస్తే తుండుతో అద్దుతూ "ఇది నా బ్యాంకు" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా అయిందని చెప్పలేను.

మొదటి మూడు నెలలు అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోవడం, తప్ప ఏమీ లేదు. "కూర్చో. ఇంకా కూర్చో. ఇంకా. అది కుర్చీ కాదే, గాలి. గాలి మీద కూర్చో." తొడలు వణికేవి. అడుగులు మొదలయ్యాక మెత్తగా కాలు పెట్టేవాళ్ళ పని అయిపోయేది. "అడుగు వెయ్యవే అంటే నేలని అడుగుతావేంటి? పర్మిషనా? వెయ్యి!" ఈ మాట మా బ్యాచ్‌లో అందరికీ ఇప్పటికీ ఊతపదం. ఎవరైనా ఉద్యోగం మారాలా వద్దా అని గ్రూపులో నానుస్తుంటే, ఇంకొకరు "నేలని అడుగుతున్నావా?" అని పెడతారు.

ఆయన దగ్గర అంకెలుండేవి కావు. మూడంటే తకిట. నాలుగంటే తకధిమి. ఐదు తకతకిట. తొమ్మిది తకధిమి తకతకిట. మధ్యలో ఏడు, తకిట తకధిమి, నా ప్రాణానికి వచ్చింది. చివరి 'మి' దగ్గర నాకు ఆత్రం. అది పూర్తిగా పడకముందే మళ్ళీ 'త'కి దూకేసేదాన్ని. నా ఏడు ఎప్పుడూ ఆరున్నరే. ఆయన కర్ర ఆపేవారు. "పిల్ల ఏడోది మింగేసిందర్రా, వెతకండి." అంతే, మిగతా పదమూడు మందీ నేల మీదా, స్తంభాల వెనకా, ఒకరి జడలో ఒకరూ ఆ ఏడో అక్షరం కోసం వెతకాలి. ఊరికే వెతికితే ఒప్పుకోరు. దొరుకుతుందన్న ఆశతో వెతకాలి, దొరకనప్పుడు దిగులు పడాలి, చివరికి ఒకత్తె దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి నా అరచేతిలో పెట్టాలి. నాకు అప్పుడు ఏడుపొచ్చేది. అది ఏడిపించడం కాదనీ, అది కూడా క్లాసేననీ చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

హస్తాలు మాత్రం బట్టీయే. అసంయుత హస్తాలు, అంటే ఒంటిచేత్తో పట్టే ముద్రలు, 28. పతాకం, త్రిపతాకం అని మొదలుపెట్టి త్రిశూలం దాకా చేతులు తిప్పుకుంటూ శ్లోకం చెప్పాలి. సింహముఖం, లాంగూలం అయ్యాక గబుక్కున చతురంలోకి దూకితే లోపల్నుంచి వినపడేది, "అలపద్మం ఏదే?" పిన్నిగారి గొంతు. ఆవిడ వసారాలోకి వచ్చేవారు కాదు. తలుపవతల ఏదో పని చేసుకుంటూనే ఉండేవారు. కానీ పద్నాలుగు నోళ్ళలో ఏ నోరు ఏది మింగిందో ఆవిడకి తెలిసిపోయేది. మాస్టారు ఎప్పుడైనా సాహిత్యం మర్చిపోయి ఒక్క క్షణం ఆగితే, ఆ ఆగిన చోటికి సరిగ్గా లోపల్నుంచి మాట వచ్చి పడేది. ఆయన తల తిప్పకుండానే అందుకునేవారు. భార్యాభర్తలు అంత తక్కువ మాట్లాడుకునే ఇల్లు నేను ఇంకోటి చూడలేదు. మాట్లాడుకోవలసినదంతా తాళంలోనే అయిపోయేదేమో.

నాలుగో ఏడు అభినయం మొదలైంది. అప్పుడు చూశాను ఆ ఫోటోలో మనిషిని.

భామాకలాపంలో ఒక ఘట్టం ఉంది. విరహంతో ఉన్న సత్యభామని చెలికత్తె మాధవి, నీ మొగుడెవరో పేరు చెప్పమంటుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు భర్త పేరు పలకరు కదా. చెప్పకపోతే మాధవి ఊరుకోదు. చెబుదామంటే నోరు రాదు. మాస్టారు పలక పక్కకి తోసి, తుండు తీసి పైటలా వేసుకుని, నేల మీద కూర్చున్నచోటే కొంచెం పక్కకి తిరిగారు. ఇంకేమీ చెయ్యలేదు. అప్పటికే మేం కిసుక్కున నవ్వుతున్నాం, ఆయన బొజ్జా పైటా చూసి. ఆయన మెడ కొద్దిగా వంగింది. కళ్ళు నేలకి దిగాయి, మళ్ళీ లేవబోయి సగంలో ఆగాయి. పెదవి కదిలింది, మాట వచ్చేసినట్టే ఉంది, మింగేశారు. బొటనవేలు నేల మీద ఏదో రాస్తోంది. ఆ రాసేది పేరే అని తెలుస్తోంది. మేం నవ్వడం ఎప్పుడు ఆపామో తెలీదు. ముందు వరసలో ఉన్న పిల్ల తనకు తెలియకుండానే "చెప్పండి పర్లేదు" అనేసింది.

మాస్టారు తుండు తీసి ముఖం తుడుచుకుని మళ్ళీ మాస్టారయిపోయారు. "సిగ్గు ముందు మెడలో పుడుతుందే. ముఖానికి తర్వాత వస్తుంది. మీరు నేరుగా ముఖంతో సిగ్గుపడుతున్నారు, అందుకే పంటినొప్పిలా ఉంది."

కోపం గురించీ అంతే. సత్యభామ కోపం చెయ్యమంటే మేం కనుబొమలు ముడిచి పళ్ళు కొరికేవాళ్ళం. "అది సూర్పనఖ" అనేవారు. "ఈవిడకి ముందు నొచ్చాలి. నొచ్చుకున్నది ఎవరూ చూడకూడదు. దాచుకోవడానికి కోపం తెచ్చుకుంటుంది. నొప్పి లేని కోపం నాకు చూపించకండి." పదకొండేళ్ళ పిల్లలకి చెప్పే మాటలా ఇవి! కానీ తర్వాత తర్వాత ఇళ్ళల్లోనూ, ఆఫీసుల్లోనూ ఎంతమంది కోపాలు చూశానో, నావి ఎన్ని చూసుకున్నానో, ప్రతిసారీ ఆ మాటే ముందు వచ్చి కూర్చుంటుంది.

మీకు ఇవన్నీ ఎలా తెలుసు మాస్టారూ అని ఒకసారి అడిగేశాను. "చూసి" అన్నారు. చెరువుగట్టు మీద, పెళ్ళిపందిళ్ళలో, వాళ్ళమ్మనీ మేనత్తలనీ, ఎవరు ఎలా లేస్తారు, ఎలా కూర్చుంటారు, బిందె దించేటప్పుడు నడుం ఎటు వాలుతుంది అని చూసి. తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీకు నేర్పడమే కష్టమే. మేం ఆడపిల్లలమే కదా, వచ్చేస్తుందిలే అనుకుంటారు. నాకు అలా అనుకోవడానికి లేదుగా. అందుకని నేర్చుకున్నాను."

ఆయన వేషాలు ఎందుకు మానేశారో ఎప్పుడూ సూటిగా చెప్పలేదు. మేమే కూడబలుక్కున్నాం. కాలం మారింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. చూస్తుండగానే ఆడపిల్లలే సత్యభామలయ్యారు. మరి మీకు బాధ అనిపించలేదా అంటే, "సత్యభామ ఆడదేగా, మేం ఇన్నాళ్ళూ అద్దెకున్నాం" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అప్పుడు మెడ వైపు చూడాలని నాకు తట్టలేదు.

స్కూలు యాన్యువల్ డే సంగతి చెప్పకపోతే మా బ్యాచ్ వాళ్ళు నన్ను బతకనివ్వరు. 1997. నాది తరంగం. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుస్తూ పళ్ళేన్ని నడిపించడం. కాలివేళ్ళు అంచుని వదిలితే పళ్ళెం ఒక దారి, మనం ఒక దారి. స్కూలువాళ్ళు వాద్యబృందం వద్దన్నారు, క్యాసెట్ చాలన్నారు. మాస్టారికి క్యాసెట్ అంటే మంట. "అది నా కళ్ళలోకి చూడదే, నేను ఆగితే ఆగదు" అనేవారు. ఆ రోజు అది ఆగింది. సరిగ్గా నేను పళ్ళెం మీద ఉన్నప్పుడు, టేపు రికార్డరు టేపుని నమిలేసింది. కుయ్ మని ఒక శబ్దం, తర్వాత నిశ్శబ్దం. రెండు చేతులూ చాపి, ఇత్తడి అంచు మీద, వందల మంది ముందు నేను. టెన్షన్‌కి కాలివేళ్ళు చల్లబడిపోయాయి.

అప్పుడు పక్క తెర వెనకాల్నుంచి గొంతు అందుకుంది. పలక లేదు, కర్ర లేదు. ఖాళీ డెస్కు మీద అరచేత్తో తాళం వేస్తూ, పాట ఎక్కడ తెగిందో అక్కడినుంచే. కావాలని కొంచెం కాలం తగ్గించారు, నా వేళ్ళు మళ్ళీ అంచుని పట్టుకునేదాకా. పట్టుకున్నానని ఆయనకెలా తెలిసిందో, అప్పుడు జతులెత్తుకున్నారు. చతురశ్రం, తిశ్రం, మిశ్రం. అంటే నాలుగు, మూడు, ఏడు. హాలంతా చప్పట్లు. అదంతా ముందే అనుకుని చేశారనుకున్నారు జనం. నేను పళ్ళెం చంకలో పెట్టుకుని, ఏడుపూ నవ్వూ కలిపి లోపలికి పరిగెత్తుకొస్తే, ఆయన ఎర్రబడిన అరచెయ్యి రుద్దుకుంటూ అన్నది ఒక్కటే.

"ఏడోది మింగావు."

టెన్త్‌కి రాగానే నా డాన్సు ఆగిపోయింది. ఇందులో పెద్ద కథేమీ లేదు. మా ఇంట్లో అందరిళ్ళల్లోలాగే మాట్లాడుకున్నారు, పరీక్షలయ్యాక చూద్దామన్నారు, తర్వాత ఇంటర్, తర్వాత ఇంజినీరింగ్. మాస్టారికి చెప్పడానికి నాన్న వచ్చారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. "చదువుకోవాలి కదండీ" అన్నారు. గజ్జెలు అపురూపంగా దాచుకున్నాను అని రాస్తే బాగుండేది. కానీ మారిన ఇన్ని అద్దె ఇళ్ళల్లో అవి ఎక్కడ పోయాయో నాకు తెలియదు.

మధ్యలో ఫోన్లు చేసేదాన్ని, ఏడాదికో రెండేళ్ళకో. 2012 బాగా గుర్తుంది. ఆ జూలైలో చెన్నైలో చినసత్యంగారు పోయారు. నవంబరులో వేదాంతం సత్యనారాయణ శర్మగారు పోయారు. స్త్రీ వేషం అంటే ఆయనే, సత్యభామ అంటే ఆయనే అని దేశమంతా అనిపించుకున్న మనిషి. పేపర్లో చూసి ఫోన్ చేశాను. మాస్టారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆయన వేషం చూసొచ్చిన మర్నాడు నేను జడ కట్టుకోవడానికి సిగ్గుపడేవాణ్ణే" అన్నారు. ఇంకో నిమిషం ఆగి, "పిల్లలొచ్చారు, పెట్టేస్తా" అన్నారు. అవతల పలక మీద కర్ర చప్పుడు వినపడింది.

చివరిసారి చూసింది మూడేళ్ళ కింద. మా పాపని తీసుకెళ్ళాను. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. వసారాలో అదే వాలుకుర్చీ. కంటిచూపు తగ్గింది, మనుషుల్ని పోల్చుకోవడం కష్టమైపోయింది. పేరు చెప్పాను, బ్యాచ్ చెప్పాను, మా నాన్న ఉద్యోగం చెప్పాను. ఊఁ, ఊఁ అంటున్నారు గానీ ఆనవాలు తగల్లేదు. ఏం చెయ్యాలో తోచక కుర్చీ చెయ్యి మీద వేళ్ళతో తకిట తకధిమి వేశాను.

ఆయన ముఖం విప్పారింది. "ఓహో, ఏడోది మింగేసే పిల్లా!"

ఇరవై ఏళ్ళు దాటినా నేనింకా మింగుతూనే ఉన్నానన్నమాట.

పాప అడిగింది, తాతగారు డాన్సు చేస్తారా అని. ఇంగ్లీషులో అడిగింది కానీ ఆయనకి తెలిసింది. కాళ్ళు కదలవు. చేతులు కూడా వణుకుతున్నాయి. ఒక్క మెడ. కొద్దిగా వంచారు. కళ్ళు దించారు, ఎత్తబోయి సగంలో ఆపారు. మా పాప ముందు నవ్వింది, తర్వాత ఆపింది. ఆ తర్వాత నా వైపు తిరిగి గుసగుసగా, "ఆవిడ ఎందుకు చెప్పట్లేదు?" అంది. 'ఆవిడ' అంది. నేను సరిదిద్దలేదు.

ఫోన్ వచ్చినప్పుడు ఆఫీసులో ఉన్నాను. మాస్టారు ఇక లేరు, 82 ఏళ్ళు, నిద్రలోనే, అని మా బ్యాచ్ పిల్ల చెప్పింది. సరే అని పెట్టేసి మీటింగ్‌లోకి వెళ్ళిపోయాను. అరగంట కూర్చున్నాను. ఎవరో స్లైడ్లు చూపిస్తున్నారు. టేబుల్ కింద నా కాలు దానంతట అదే ఏదో వేస్తోంది. కాసేపటికి గమనించాను. తకిట తకధిమి. ఈసారి జాగ్రత్తగా, ఏడూ. ఒక్కటీ మింగకుండా. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

ఆఖరి చూపుకి అందలేదు. పన్నెండో రోజుకి వెళ్ళాను. వసారాలో పలక గోడకి ఆనించి ఉంది. ఎవరో దాని మీద చెప్పులు పెట్టబోతే నేనూ ఇంకో అమ్మాయీ ఒకేసారి అరిచాం.

ఫోటో గొడవ అయ్యాక పిన్నిగారు నన్ను లోపలి గదిలోకి రమ్మన్నారు. మంచం కింద రేకుపెట్టె లాగమన్నారు. అందులో పాత చీరలు, ఒకటి రెండు తాళాల జతలు, ముడతలు పడిన సర్టిఫికెట్లు, వాటి అడుగున తువ్వాలులో చుట్టిన పొడుగాటి మూట. కలరా ఉండల వాసన. విప్పితే జడ. బిళ్ళలు ఎప్పుడో పోయాయి, రాగిడి లేదు, కుప్పెల్లో ఒక్కటి మిగిలింది. సవరం మాత్రం అలాగే ఉంది, నా చేతి మణికట్టు మందాన, నల్లగా, నిగనిగలాడుతూ.

"మాస్టారిదా?" అన్నాను.

"జుట్టు నాదే. పెద్దాడు పుట్టాక బాగా ఊడిపోయింది. పారెయ్యబుద్ధి కాక పోగేశాను. కొనుక్కున్న సవరాలు తెర మీద వేస్తే జారిపోతున్నాయని ఆయన బాధపడుతుంటే, దీన్ని కట్టించాను. ఆయన వేషం మానేసేదాకా ఇదే. ప్రతిసారీ నేనే అల్లేదాన్ని. ముఖానికి రంగు వేసుకున్నాక ఇంక నాతో మాట్లాడేవారు కాదు, జడ వెయ్యి అన్నట్టు వీపు తిప్పేవారు."

నేను ఏమీ అనలేకపోయాను. ఇన్నేళ్ళు తెర మీదుగా పడి ఊళ్ళకి ఊళ్ళని సవాలు చేసింది, ఎప్పుడూ వసారాలోకి రాని మనిషి జుట్టు.

"చిక్కు పడింది, చూడు. ఏడాదికోసారి నేనే తీస్తాను. ఈ ఏడు చెయ్యి వణుకుతోంది" అని దువ్వెన నాకిచ్చారు. నేల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ పై కొస గట్టిగా పట్టుకున్నారు. నేను కింది నుంచి కొంచెం కొంచెం విడదీస్తూ పైకి వస్తున్నాను. ఆవిడ తల మీద పన్నెండు రోజులుగా నూనె లేని తెల్లజుట్టు, చిన్న ముడి. ఇద్దరి మధ్యా ఈ నల్లటి జడ.

"అలా లాగకు, కుదుళ్ళు ఊడొస్తాయి. ఆయన కూడా ఇంతే, తొందర."

హాల్లోంచి వాళ్ళబ్బాయి పిలిచాడు. "అమ్మా, బ్రహ్మగారు వచ్చారు. ఏ ఫోటో పెట్టమంటావో చెప్పు మరి."

పిన్నిగారు పట్టుకున్న కొస వదలకుండానే, "వస్తున్నానని చెప్పు. ఒక్క చిక్కు మిగిలింది" అన్నారు.